గీత వరకూ

ఆ వార్త వచ్చేసరికి మా వంటింట్లో వాఫిల్ పెనం పొగలు కక్కుతోంది.

పెళ్లయి తొమ్మిది రోజులు. కానుకల్లో ఈ గళ్ల అట్లు కాల్చే వాఫిల్ పెనాలు మూడొచ్చాయి. మూడింటినీ పరీక్షించి, ఒకటి ఉంచుకుని, మిగతా రెండూ ఇంకెవరి పెళ్లికైనా ఇచ్చేద్దామనుకున్నాం. ఆ రోజు మూడోదాని వంతు. ఓరిన్ కిటికీ తెరిచి తువ్వాలుతో పొగను బయటికి తోలుతున్నాడు. నేను నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతున్నాను. అంతలో ఫోన్‌లో కాలేజీ నుంచి సందేశం.

"వచ్చేసింది!" అని అరిచాను.

"ఏంటి, ఫైరింజనా?"

"వేసవి శిక్షణ! పన్నెండు వారాలు. జీతంతో సహా!"

తువ్వాలు పారేసి నన్ను అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు. అతని ముక్కు మీద పిండి ఉంది, అది నా ముక్కుకీ అంటింది. "ఉండు, ముందు మా అమ్మకి చెప్పాలి. పార్కుల్లో ఆడుకోడానిక్కూడా కాలేజీయా అంది కదా! ఇప్పుడు ఆడుకున్నందుకు జీతం ఇస్తున్నారని చెప్తాను. ఇంతకీ ఏ ఊరు?"

"కార్వర్ ఫాల్స్."

నన్ను కిందికి దించాడు, నిండు గ్లాసును దించినంత నెమ్మదిగా.

"క్రోల్ దగ్గరా?"

"క్రోల్ దగ్గరే."

"దరఖాస్తులో మూడు ఊళ్లు రాయాలన్నావుగా."

"రాశాను. మొదటిది కార్వర్ ఫాల్స్. రెండోది కార్వర్ ఫాల్స్. మూడోది..."

"లీటా!"

పెనం మూత తెరిచాడు. వాఫిల్ సగం పైకి, సగం కిందికి అంటుకుని రెండుగా చీలింది. "అక్కడికెళ్లి ఏం చేస్తావు?" అన్నాడు నా వైపు చూడకుండా.

"నేర్చుకుంటాను."

"ఏం నేర్చుకుంటావు?"

"క్రోల్‌ని ఎలా పడగొట్టాలో."

"వదిలెయ్. నాకు శ్మశానంలో గడ్డి కోసే పని బాగానే ఉంది. అక్కడ ఎవరూ పడిపోరు, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు." నవ్వించడానికే అన్నాడు. నవ్వాను కూడా. కానీ అలా అంటూనే అతని చెయ్యి కుడి తుంటి మీదికి వెళ్లింది. ఒకప్పుడు అక్కడ తాళాలగుత్తి వేలాడేది.

రెండేళ్ల క్రితం ఓరిన్ కార్వర్ ఫాల్స్ పార్కుల్లో పనిచేసేవాడు. వీలర్ పార్కులో ఎడీ అనే ఐదేళ్ల పిల్ల ఉయ్యాల మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. ఉయ్యాల కింద, పడినా దెబ్బ తగలకుండా పరిచే చెక్కపేళ్లు పన్నెండంగుళాల మందాన ఉండాలి. కొలిస్తే ఏడున్నాయి. "ప్రతి సోమవారం గీత వరకూ నింపాను" అన్నాడు ఓరిన్. పేళ్లు ఎంతవరకూ ఉండాలో చూపించే పసుపు గీత స్తంభం మీద చూస్తే పేళ్లకి అయిదంగుళాల పైన ఉంది. షెడ్డులో పనివాళ్లందరి ముందూ పార్కుల శాఖ అధికారి డ్వేన్ క్రోల్ అరచెయ్యి చాపి "తాళాలు" అన్నాడు. ఉద్యోగం పోవడం కంటే ఘోరం ఇంకోటి జరిగింది. ఓరిన్ తనని తనే నమ్మడం మానేశాడు. "ఏమో, ఆ వారం నింపలేదేమో, నింపాననుకున్నానేమో" అనేవాడు. పొయ్యి కట్టేశాడో లేదో మూడుసార్లు వెనక్కి వచ్చి చూసుకునేవాడు. పెళ్లినాడు కూడా ఉంగరం జేబులో ఉందో లేదో తడుముకుంటూనే నా పక్కన నిలబడ్డాడు.

నేను ప్రేమించిన మనిషిని ఇలా చేసినవాణ్ణి ఊరికే వదలడం నావల్ల కాదు.

మా కాలేజీలో పార్కులు, వినోదం, వ్యాయామం కలిపి రెండేళ్ల కోర్సు. ముసలివాళ్ల చేత కుర్చీ వ్యాయామాలు చేయించడం దగ్గర్నుంచి, మైదానంలో సున్నం గీతలు గియ్యడం, ఈతకొలను నీళ్లు పరీక్షించడం, ఉయ్యాలల బోల్టులు బిగించడం దాకా అన్నీ నేర్పుతారు. ఆఖరి వేసవి ఏదో ఒక ఊరి పార్కుల శాఖలో పనిచేసి, చివర్లో ఆ ఊరి పార్కుల సంఘం ముందు నిలబడి నివేదిక చదవాలి. అప్పుడే పట్టా. నా నివేదిక తేదీ ఆగస్టు ఇరవై ఏడు. ఆ రోజు ముందు వరసలో కూర్చోవాల్సింది క్రోల్.

కాలేజీ కాగితాల్లో నాది ఇంకా పుట్టింటి పేరే. లీటా ఫోసమ్ ఎవరో క్రోల్‌కి తెలిసే అవకాశం లేదు.

*

చూస్తేనే అసహ్యం వేసే మనిషిని ఊహించుకుని వెళ్లాను. క్రోల్ మాత్రం మెత్తటి గొంతు, గడ్డిటోపీ, ముక్కు మీద ఎండకి రాసుకున్న తెల్లటి లేపనం, చేతిలో నాకోసం ఓ డోనట్‌తో నిలబడి ఉన్నాడు.

"రామ్మా, రా. కాలేజీ నుంచి వచ్చావని బెదిరిపోకు. మా పని తేలిక. మొత్తం పదకొండు పార్కులు. ప్రతి స్తంభం మీదా పసుపు గీత ఉంటుంది. పేళ్లు గీత వరకూ ఉన్నాయా, సంతోషం. లేవా, నింపు. కొలతలూ లెక్కలూ అక్కర్లేదు."

"గీతలు ఎవరు గీశారండీ?"

"నేనే. నాలుగేళ్లయింది. మంచు కరగ్గానే స్తంభాలన్నిటికీ ఆకుపచ్చ రంగు వేయించి, గీతలు మాత్రం నా చేత్తోనే గీశాను. ఇంకొకరికి వదల్లేదు."

డోనట్ చాలా బాగుంది. అదే నాకు కోపం.

నన్ను ట్రక్కులో తిప్పే పని బెర్నిస్‌ది. అరవై దాటింది, గొంతు బొంగురు, సీటు కింద ఎప్పుడూ పొద్దుతిరుగుడు గింజల పొట్లం.

"ఉయ్యాల కింద చెత్త ఏరడానికి రెండేళ్ల చదువా పిల్లా?"

"మొదటేడు చెత్త ఏరడం. రెండో ఏడు ఉయ్యాల ఊగడం."

"మరి జారుడుబల్ల?"

"దానికి పెద్ద యూనివర్సిటీకి వెళ్లాలి."

బెర్నిస్ గింజల తొక్కలన్నీ ఎదుటి అద్దం మీదికి ఊదేసి నవ్వింది. మధ్యాహ్నం నేను అన్నం డబ్బా తీశాను. రేకు డబ్బా, మూత మీద సొట్ట. ఆమె నమలడం ఆపింది.

"ఆ సొట్ట నా ట్రక్కు చక్రం కింద పడి వచ్చింది," అంది. డబ్బాను తిప్పి, అడుగున గీకి ఉన్న ఓరిన్ పేరు పొడి అక్షరాలు రెండూ చూసింది. "పెళ్లెప్పుడైంది?"

"మే ఇరవై నాలుగు."

"వంటొచ్చా వాడికి?"

"వాఫిల్స్ మాడ్చడం వచ్చు."

"డ్వేన్‌కి తెలుసా?"

"తెలీదు."

"నా నోటెంట బయటికి రాదు," అంటూ ట్రక్కు స్టార్ట్ చేసింది.

మా టీచరు మార్జ్ ఆస్ట్రాండర్ మొదటి పరీక్షలోనే సగం క్లాసుని ఫెయిల్ చేసింది. ఫెయిలైనవాళ్లందరం స్తంభం మీద రంగు గుర్తు చూసి కొలత రాసేశాం. "రంగు వేసింది మనిషి. కింద ఏముందో రంగుకి తెలీదు. తవ్వండి!" అని గోలగోల చేసింది. బెర్నిస్‌తో తిరిగిన మర్నాడు, జూన్ తొమ్మిదిన, ఆల్డర్ పార్కులో నేను చేసింది అదే. అక్కడ పిల్లలు చేతులతో వేలాడుతూ దాటే ఇనప నిచ్చెన ఒకటుంది. దాని కింద పేళ్లు సరిగ్గా గీత వరకూ, దువ్వినట్టు ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని చిన్న తాపీతో అడుగున పరిచిన గుడ్డ తగిలేదాకా తవ్వి, స్టీలు స్కేలు దింపాను.

ఏడు.

ఇంకోచోట తవ్వాను. ఏడు. స్తంభాన్ని వేళ్లతో తడుముతూ పైకి పోతే గీతకి అయిదంగుళాల పైన, ఆకుపచ్చ రంగు కింద, ఏదో అంచు గోటికి తగిలింది. ఆ సామాను తయారుచేసినవాళ్లు పేళ్లు ఎంతదాకా ఉండాలో చూపిస్తూ అంటించిన చీటీ. దాని మీంచే రంగు వేసేశారు.

అంతా తెలిసిపోయింది. నాలుగేళ్ల క్రితం క్రోల్ గీతలు గీసింది మంచు కరిగిన కొత్తలో. చలికాలమంతా మంచు బరువుకి పేళ్లు అణిగిపోయి ఉంటాయి. కొత్త పేళ్లు పోశాక గీయాల్సిన గీతను, అణిగిపోయినవి ఎక్కడున్నాయో అక్కడే గీసేశాడు. ఈ పని చేసేవాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు. మామూలు మనిషికి గీత గియ్యాలన్న ఆలోచనే రాదు.

ఫోటో తీసుకున్నాను. స్కేలు, ఏడంకె, పసుపు గీత, మూడూ పడేలా. గుంత పూడ్చి, పైన సాపు చేసి, లేచి నిలబడ్డాను. ఎవరూ చూడకుండా ఆ ఇనప నిచ్చెన పట్టుకుని ఒకసారి ఊగాను. ఆ ఏడాది అంత సంతోషంగా ఉన్నది పెళ్లిరోజు తర్వాత అదే.

*

కానీ వీలర్ పార్కు లెక్క కుదర్లేదు. అక్కడ గీత సరైన చోటే ఉంది. తవ్వితే పన్నెండంగుళాలు. పదకొండింట్లో ఎడీ పడిన ఆ ఒక్క పార్కులోనే గీత సరిగ్గా ఎందుకుంది?

తర్వాతి వారం బెర్నిస్‌తో అక్కడికి వెళ్లినప్పుడు పాత రంగు గీకే రేకుబద్ద పట్టుకెళ్లాను. ఉయ్యాల స్తంభం చుట్టూ పేళ్లు పక్కకి తోసి, గీతకి అయిదంగుళాల కింద గోరంత మేర మెల్లగా గీకాను. పైన ఆకుపచ్చ పొర. దాని కింద పసుపు. దాని కింద మళ్లీ ఆకుపచ్చ.

ఆ పసుపు ఓరిన్ ప్రతి సోమవారం చూసిన గీత.

బెర్నిస్ ట్రక్కు దిగి వచ్చి నా వెనక నిలబడింది. చాలాసేపు ఆ పసుపు ముక్కను చూసింది.

"ఆ పిల్ల పడింది శనివారం," అంది. "ఆదివారం పొద్దున నేను చర్చికి వెళ్తున్నాను. డ్వేన్ ట్రక్కు ఇక్కడ ఆగి ఉంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ పిల్ల కోసం ప్రార్థన చేస్తున్నాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. సోమవారం షెడ్డులో ఆయన వేళ్ల మధ్య పసుపు రంగు చూశాక తెలిసింది, పాత గీత కప్పేసి పైన కొత్తది గీశాడని."

"తెలిసీ ఊరుకున్నావా?"

"పెన్షన్‌కి అప్పుడు మూడేళ్లు. ఇప్పుడు పద్నాలుగు నెలలు." గింజల పొట్లం నా వైపు చాపింది. నేను తీసుకోలేదు. "తిట్టు పిల్లా. ఎవరైనా తిడితే బాగుండునని రెండేళ్లనుంచి చూస్తున్నాను."

"తిట్టను. ఆగస్టు ఇరవై ఏడున హాలుకి వచ్చి కూర్చో. అప్పుడు చూడు."

రంగుపొరను ఊడదీసి కాగితంలో మడిచి అన్నం డబ్బాలో పెట్టుకున్నాను.

ఇంటికి వెళ్లేదారంతా పాడుకుంటూనే ఉన్నాను. ఓరిన్ బకెట్లలో వేసిన టమాటా మొక్కలకి మొదటి పువ్వు వచ్చింది. దానికి ఏం పేరు పెట్టాలని వాదించుకున్నాం. జుట్టు తడిగా, ఒంటి మీద కోసిన గడ్డి వాసనతో అతను నా భుజం మీద తల పెట్టుకున్నప్పుడు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఓరిన్ సంగతి నాకు తెలుసు. చెప్పిన మరుక్షణం పార తీసుకుని వెళ్లి పది పార్కులూ నింపేస్తాడు. నింపితే కొలతలు పోతాయి, సాక్ష్యం పోతుంది. క్రోల్ టోపీ సర్దుకుని "చూశారా, అంతా బాగానే ఉంది" అంటాడు.

మా రెండో వాఫిల్ పెనం అట్టపెట్టె బీరువా మీద ఉండేది. పొగలు కక్కిన మూడోదాన్నే ఉంచుకున్నాం, అది వాఫిల్‌ని హృదయం ఆకారంలో కాలుస్తుంది మరి. రెండోదాన్ని ఓరిన్ ఎప్పటికీ తెరవడు. ఫోటోలు, రంగుపొర, అన్నీ అందులో దాచాను.

పది పార్కులు. జూన్ అయ్యేసరికి పది ఫోటోలు. అన్నిటా ఏడు, ఒకచోట ఆరున్నర.

పిల్లల సంగతి తట్టలేదంటే అబద్ధం. నాలుగేళ్లుగా ఇలాగే ఉంది కదా, ఇంకో ఎనిమిది వారాలే కదా అనుకున్నాను. ఆ తర్వాత అలా అనుకోవడం కూడా మానేశాను.

జులై అంతా క్రోల్ నాతో ఎంత బాగుంటే నాలో అంత పగ పెరిగింది. వాళ్ల దొడ్లో కాసిన మొక్కజొన్న కంకులు సంచి నిండా తెచ్చిచ్చాడు. నా సున్నం గీతలు చూసి "దారం పట్టకుండా ఇంత తిన్నగా గీసినవాళ్లని చూళ్లేదమ్మా" అన్నాడు. పెళ్లయిందని తెలిసి వాళ్లావిడ చేత రేవల్చిని అనే పుల్లటి కాడలు పెట్టి కాల్చిన తీపి రొట్టె చేయించి పంపాడు. "మీ ఆయన ఏం చేస్తాడు?" అని అడిగాడు.

"గడ్డి కోస్తాడండీ."

"మంచి పని. కష్టపడేవాడన్నమాట."

"అవునండీ. ప్రతి సోమవారం."

ఏమీ అర్థంకాక నవ్వాడు. ఆ రొట్టె నేను తినలేదు. ఓరిన్ మొత్తం తినేసి "ఎవరు చేశారోగాని చెయ్యి తిరిగినవాళ్లే" అన్నాడు. స్నానాల గదిలో తలుపేసుకుని, అద్దం ముందు షాంపూ సీసాలను పార్కుల సంఘం సభ్యుల్లా నిలబెట్టి, నివేదిక వల్లించేదాన్ని. చివరి వాక్యం దగ్గర అరచెయ్యి చాపి "తాళాలు" అనాలి. ఆ మాట ఏ గొంతుతో అనాలో తేల్చుకోడానికే నాకు వారం పట్టింది.

*

ఆగస్టు పదకొండు. ఆల్డర్ పార్కులో పిల్లల ఆటల కార్యక్రమం. రంగురంగుల పెద్ద గుడ్డ అంచులు పట్టుకుని ఇరవైమంది పిల్లలు పైకీ కిందికీ ఊపుతున్నారు, దాని కింద నేను పాకుతున్నాను. వాళ్ల కేకలకి చెవులు గింగిర్లెత్తిపోతున్నాయి. మేవ్ అనే ఆరేళ్ల పిల్ల ఎప్పుడు జారుకుందో చూడలేదు.

దబ్బుమన్న చప్పుడు వినిపించింది. గుడ్డ కిందనుంచి బయటికి వచ్చేసరికి ఇనప నిచ్చెన కింద వెల్లకిలా పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నోరు తెరిచే ఉంది. చప్పుడు లేదు.

ఎంతసేపని చెప్పను. పరిగెత్తి ఆమె పక్కన మోకాళ్ల మీద పడ్డాను. జూన్‌లో తవ్వడానికి కూర్చున్న చోటే. నా మోకాళ్లకి ఆ నేల గట్టిదనం తెలిసింది.

తర్వాత ఊపిరి తీసుకుంది. తర్వాత ఏడ్చింది. అంత గట్టిగా ఏడుస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎడమ మణికట్టు పట్టుకుని "కదపను, కదపను" అంటోంది. క్లాసులో నేర్పినట్టే అట్ట పెట్టి కట్టాను. ఆస్పత్రి నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసి బెణికిందంతే, ఎముక బాగానే ఉందని చెప్పింది. "నువ్వక్కడ ఉండబట్టి సరిపోయింది లీటా. నీ రుణం తీర్చుకోలేం," అంది.

ఆ లోపు క్రోల్ వచ్చాడు. టోపీ తీసి నేలమీద పెట్టి వంగి చూశాడు. స్తంభం దగ్గర పేళ్లను అరచేత్తో ఒకసారి నిమిరాడు.

"గీత వరకూ ఉన్నాయి," అన్నాడు.

నేను ఆయన ముఖం చూశాను. ఆ ముఖంలో భయం ఉంది. ఇక్కడ ఏడే ఉన్నాయని ఆయనకి తెలుసు.

ఫారం తీసి అట్ట మీద పెట్టి రాశాడు. ప్రమాదం జరిగిన చోటు. సమయం. కింద పేళ్ల మందం అన్నచోట "గీత వరకూ, సరిగా ఉంది." దాని కింద సాక్షి సంతకం.

"ఇక్కడమ్మా," అని పెన్ను ఇచ్చాడు.

పెట్టనంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే ఇరవై ఏడో తేదీ పోతుంది. ఇంకా పదహారు రోజులే. ముందు వరస, షాంపూ సీసాలు, అరచెయ్యి చాపడం, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

లీటా ఫోసమ్ అని సంతకం పెట్టాను. అక్షరాలు తిన్నగా వచ్చాయి.

*

ఇంటికి వచ్చేసరికి ఇంకా అయిదు కాలేదు. ఓరిన్ వెనక మెట్ల మీద టమాటాలు కోస్తున్నాడు. నేను తిన్నగా వెళ్లి బీరువా మీంచి అట్టపెట్టె దించి, వంటింటి బల్ల మీద పెట్టాను.

"వాఫిల్సా? ఈ వేళప్పుడా?"

"తెరువు."

ముందు రంగుపొర చేతికిచ్చాను. పొరలు చూపించాను. వీలర్ పార్కు, ఆదివారం పొద్దున, బెర్నిస్ చూసింది, అంతా చెప్పాను. అతను ఆ ముక్కను వెలుతురుకి ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"నేను నింపాను," అన్నాడు.

"నింపావు."

"ప్రతి సోమవారం."

"ప్రతి సోమవారం."

కుర్చీలో కూలబడి, టమాటా ఆకు పసరున్న చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు. ముఖమంతా పచ్చగా అయింది. నవ్వాడు. ఆ నవ్వు నేను అతనిలో ఎప్పుడూ చూడలేదు. ఎడీ పడకముందు నవ్వు అలా ఉండేదేమో. నేనూ నవ్వాను. ఆ కాసేపూ నా పగ తీరిపోయినట్టే ఉంది.

తర్వాత ఫోటోలు ఒక్కొక్కటే చూడడం మొదలుపెట్టాడు. ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇది ఆల్డర్ పార్కు కదూ?"

"అవును."

"జూన్ తొమ్మిది అని ఉంది."

"అవును."

"ఇవాళ ఆగస్టు పదకొండు."

నేను పెట్టె అంచులు సర్దాను.

"ఇప్పటికీ ఏడేనా?"

అప్పుడు మేవ్ సంగతి చెప్పాను. సంతకం సంగతి కూడా. దాచాలనే అనుకున్నాను కానీ నోరు ఆగలేదు. అతను ఫోటోను బల్లమీద బోర్లా పెట్టాడు.

"ఏ చెయ్యి?"

"ఎడమ. బెణికిందంతే."

"ఎడీది కుడి," అన్నాడు. "ఇప్పటికీ పూర్తిగా చాపలేదు. నేను ఉత్తరం రాశాను. వాళ్ల నాన్న జవాబిచ్చాడు. నీకెప్పుడూ చెప్పలేదు."

లేచి బయటికి వెళ్లిపోయాడు. గ్యారేజీలో ఇనుము చప్పుడు. వెంట వెళ్లాను. రెండు పారలు తీసి గోడకి ఆనించి ఉన్నాడు.

"రేపు ఆరింటికి ఆల్డర్ పార్కు," అన్నాడు. రెండేళ్లుగా ఆ ఊరి పొలిమేర తొక్కనివాడు. "పేళ్ల కుప్ప గేటు తాళం ఎవరి దగ్గరుంటుంది?"

బెర్నిస్‌కి ఫోన్ చేశాను. విషయమంతా చెప్పాను. గింజ కొరికిన చప్పుడు.

"పెన్షన్‌కి ఇంకా పన్నెండు నెలలు పిల్లా."

"తెలుసు."

"ఆరింటికా? కాఫీ నువ్వు తేవాలి. నీళ్లలా ఉంటే ఒప్పుకోను. తాళం, పేళ్లు మోసే లోడరు బండి నేను తెస్తాను."

ఓరిన్ ట్రక్కు వెనక తలుపు తెరిచి పారలు లోపల పెడుతున్నాడు. "మరి క్రోల్?"

"ఏడున్నరకి వస్తాడు, రోజూ ఆల్డర్ పార్కు మీంచే వస్తాడు. ముందు వాడి ముందే నా సంతకం తప్పని చెప్తాను. వాడి కళ్లెదుటే స్కేలు దింపుతాను. తొమ్మిదింటికి ఆ ఫోటోల పెట్టె, నా మాట, బెర్నిస్ మాట, మూడూ పార్కుల సంఘానికి. మేవ్ వాళ్లమ్మకి నేనే స్వయంగా చెప్తాను. ఇరవై ఏడుదాకా ఆగను."

"పట్టా ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే నీతోపాటు గడ్డి కోస్తాను."

అతని మూతి ఓ పక్కకి వంగింది. నవ్వు ఇంకా రాలేదు గానీ, దారిలో ఉందని తెలిసింది. నేను గ్యారేజీ మూలకి వెళ్లి సామాన్ల వెనకనుంచి ఇంకో పార లాగాను. ఓరిన్ వాళ్ల తాతదట. తుప్పు పట్టింది, పిడి చీలింది.

"మూడోదెవరికి? బెర్నిస్ లోడరు తెస్తుందిగా."

"క్రోల్‌కి. మిగతాదంతా మనం నింపి, ఆ నిచ్చెన కింద మాత్రం వదిలేద్దాం. ఎనిమిదింటికి తల్లులు పిల్లల్ని తీసుకుని వస్తారు. వాళ్లందరి ముందూ ఆ నిచ్చెన కింద నింపాల్సింది వాడు. గీత వరకూ కాదు. పన్నెండంగుళాలు. నేను స్కేలు పట్టుకుని నిలబడతాను."

ఓరిన్ ఆ పార అందుకుని పిడి మీద బొటనవేలితో నిమిరాడు.

"దీనికి పేళ్లు లేచాయి లీటా. చేతులు గీసుకుపోతాయి."

"తెలుసు."

నన్ను చూశాడు. పారను చూశాడు. ఇసుక కాగితం కోసం వెతుకుతాడేమో అనుకున్నాను. వెతకలేదు. మిగతా రెండింటి పక్కనే దాన్నీ పెట్టి ట్రక్కు తలుపు వేశాడు.

"అయిదున్నరకే బయల్దేరదాం," అన్నాడు.